నైస్మిత్ వీధిలో పది రోజులు

ఏప్రిల్ 1, 2022, శుక్రవారం

కాన్సస్ విశ్వవిద్యాలయపు పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు న్యూ ఓర్లీన్స్ చేరి, జాతీయ టోర్నమెంటులో మిగిలిన చివరి నాలుగు జట్లలో ఒకటిగా మర్నాటి ఆటకు సిద్ధమవుతున్న రోజున, నేను ఆ జట్టు సొంత ఊరికి బయలుదేరాను. ఓవర్‌ల్యాండ్ పార్కులో ఉన్న మా అమ్మాయి ఇంటి నుంచి లారెన్స్‌కు కె-10 రహదారి మీద ముప్పావు గంట ప్రయాణం. ఆట అక్కడ జరుగుతుంటే ఇక్కడికెందుకని అల్లుడుగారు అడిగారు. ఆటను టీవీలో ఎక్కడి నుంచైనా చూడవచ్చు గాని, ఈ ఆటను పుట్టించిన మనిషి నలభై ఏళ్లకు పైగా బతికి, పాఠాలు చెప్పి, కన్నుమూసిన ఊరు ఇదొక్కటే.

నేను ముప్పై ఏళ్లకు పైగా ఒక డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేశాను. నా శిక్షణ మద్రాసు నందనంలోని వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలలో జరిగింది. ఆ కళాశాలను 1920లో స్థాపించిన హ్యారీ క్రో బక్ అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదువుకున్నవారు. 1891 డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ రెండు పీచు పళ్ల బుట్టలను వ్యాయామశాల బాల్కనీకి కొట్టి, పద్దెనిమిది మంది విద్యార్థులను రెండు జట్లుగా చేసి మొదటిసారి ఈ ఆట ఆడించింది ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ శిక్షణ పాఠశాలలోనే. అక్కడి నుంచి మద్రాసుకు, మద్రాసు నుంచి మా కళాశాలలోని సిమెంటు కోర్టుకు వచ్చిన ఈ విద్యను నేనెప్పుడూ గురుపరంపరగానే భావించాను. ఆ పరంపర మూలానికి వెళ్లే అవకాశం అరవై అయిదో ఏట దొరికింది.

మా మనవడు ఈ విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం చదువుతున్నాడు. వరంగల్ వాళ్లకు కేయూ అంటే కాకతీయ విశ్వవిద్యాలయం. ఇక్కడ మాత్రం ఆ రెండు అక్షరాలు గోడల మీద, టోపీల మీద, చంటిపిల్లల చొక్కాల మీద, బ్యాంకు తలుపుల మీద కూడా కనిపిస్తాయి. జనాభా లక్షకు కొంచెం తక్కువ. విశ్వవిద్యాలయం మౌంట్ ఓరియడ్ అనే గుట్ట మీద ఉంది. ఆ గుట్టలోని సుద్దరాతి పేరే వీరి నినాదంలో చేరింది: ‘రాక్ చాక్, జేహాక్, కేయూ’. జేహాక్ అన్నది ఇక్కడి జట్టు పేరు. దీన్ని పరుగెత్తి అరవరు. మన భజనల్లో మొదటి చరణం ఎత్తుకున్నట్టు, నెమ్మదిగా సాగదీసి, గొంతులన్నీ ఒకే శ్రుతిలో కలిపి పాడతారు.

మధ్యాహ్నం మావాడు నన్ను నైస్మిత్ డ్రైవ్ అనే వీధికి తీసుకువెళ్లాడు. అక్కడి డిబ్రూస్ సెంటర్‌లో, మసక వెలుతురులో, అద్దం వెనుక రెండు టైపు కాగితాలున్నాయి. అవి ఆటకు నైస్మిత్ రాసిన 13 మూల నియమాలు. 2010 డిసెంబరులో న్యూయార్క్ వేలంలో వాటిని 43 లక్షల డాలర్లకు కొన్న డేవిడ్ బూత్ ఇదే నైస్మిత్ డ్రైవ్‌లో పెరిగినవాడు. నేను మూడో నియమం దగ్గర ఎక్కువసేపు ఆగిపోయాను. బంతి పట్టుకున్న ఆటగాడు పరుగెత్తకూడదనీ, పట్టిన చోటి నుంచే విసరాలనీ చెప్పే నియమం అది. ఈ ఆటలో పాస్ అనే ధర్మం మొత్తం ఆ ఒక్క నియమం నుంచే పుట్టింది. ఏటా జూలైలో కొత్త పిల్లలకు నేను మొదటి పాఠంగా చెప్పిన మాట కాగితం మీద టైపు అక్షరాల్లో, చేతి సవరణలతో ఎదురుగా ఉంటే నోట మాట రాలేదు.

ఆ పక్కదే అలెన్ ఫీల్డ్‌హౌస్. 1955 మార్చి 1న మొదటి ఆట జరిగిన ఈ కట్టడంలో నేను చూసిన నాటికి 16,300 మంది కూర్చోవచ్చు. బయటి నుంచి చూస్తే పెద్ద ధాన్యం గిడ్డంగిలా ఉంటుంది. లోపల కుర్చీలు తక్కువ, బెంచీలే ఎక్కువ. పై గోడకు కట్టిన పొడవైన గుడ్డ, అడుగుపెట్టే ప్రతివారినీ ‘ఫాగ్’ విషయంలో జాగ్రత్తగా ఉండమని హెచ్చరిస్తుంది. ఆ పేరు 39 సీజన్లు ఇక్కడ కోచ్‌గా ఉన్న ఫారెస్ట్ అలెన్‌ది. పొగమంచులో ఓడలను హెచ్చరించే భోంగా లాంటి గొంతు కావడం వల్ల ఆయనకు ఆ పేరు వచ్చింది. ఆ మొదటి హెచ్చరిక గుడ్డను 1988లో విద్యార్థులు హాస్టల్ స్నానాల గదుల తెరలతో తయారుచేశారట.

ఆటలున్న రోజుల్లో విద్యార్థులు బృందాలుగా ఏర్పడి, చీటీలు తీసి వంతులు నిర్ణయించుకుని, మంచి చోటు కోసం ఈ వరండాల్లోనే రోజుల తరబడి కాచుకుంటారు. మావాడు జనవరిలో టెక్సస్ టెక్ మీద ఆటకు అలాగే కాచుకున్నాడు. లెక్కల పుస్తకం, దుప్పటి, వాళ్లమ్మ కట్టిచ్చిన పులిహోర వెంట పెట్టుకుని పడుకున్న మూలను చూపించాడు. ఆ ఆట రెండు అదనపు సమయాల దాకా సాగింది. కాన్సస్ 94-91తో గెలిచింది. ఒచాయ్ అగ్‌బాజీ ఒక్కడే 37 పాయింట్లు చేశాడు.

ఏప్రిల్ 2, శనివారం

ఉదయం నైస్మిత్ సమాధికి వెళ్లాం. కెనడాలోని ఆల్మంట్‌లో 1861లో పుట్టిన ఈయన 1898లో ఇక్కడికి వచ్చి, 1939లో ఇక్కడే కన్నుమూశాడు. కాన్సస్ జట్టుకు మొదటి కోచ్ ఆయనే. 55 గెలుపులు, 60 ఓటములు. ఈ విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ కోచ్‌లందరిలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువ ఉన్నది ఆటను కనిపెట్టిన ఈయనొక్కడికే. ఈ సంగతిని చాలామంది చమత్కారంగా చెప్పుకుంటారు. నాకు ఇందులో నవ్వవలసిందేమీ కనిపించదు. ఆయన వ్యాయామ విద్యను, నడవడిని బోధించడానికి వచ్చిన మనిషి; ఆ లెక్కను ఆయన ఆ దృష్టితోనే చూసి ఉంటాడు.

ఆయన దగ్గర ఆడినవాడు అలెన్. అలెన్ దగ్గర ఆడినవారు కెంటకీని నిలబెట్టిన అడాల్ఫ్ రప్, నార్త్ కరోలినాను నిలబెట్టిన డీన్ స్మిత్. ఈ వరసలో నేను ముందుగా చెప్పదలచిన పేరు మాత్రం జాన్ మెక్‌లెండన్. 1933లో ఇక్కడ చేరిన ఈ నల్లజాతి విద్యార్థిని జట్టులో ఆడనివ్వలేదు. వర్ణవివక్ష అందుకు అడ్డుగోడ. అయినా వృద్ధుడైన నైస్మిత్ అతనికి సలహాదారుగా ఉండి, ఆటను లోతుగా నేర్పాడు. మెక్‌లెండన్ తరువాత టెనెస్సీ ఏ అండ్ ఐ జట్టును 1957 నుంచి 1959 దాకా వరసగా మూడేళ్లు జాతీయ విజేతగా నిలిపాడు. బంతి దొరకగానే వేగంగా దూసుకుపోయే ఆటతీరుకు ఆద్యుల్లో ఒకడయ్యాడు. తనను కోర్టులోకి రానివ్వని చోటనే కూర్చుని ఆ విద్యను నేర్చుకోవడానికి ఎంత ఓర్పు కావాలో, ఆ ఉదయం సమాధి రాయి ముందు నిలబడి మావాడికి చెప్పడానికి ప్రయత్నించాను. వాడు ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఫోనులో మెక్‌లెండన్ గురించి చదువుతూ కూర్చున్నాడు.

సాయంత్రం వాడి స్నేహితుల గదిలో విలనోవా మీద సెమీఫైనల్ చూశాం. కాన్సస్ మొదటి నిమిషాల్లోనే ముందంజ వేసి, చివరిదాకా వెనక్కి చూడలేదు. ఫలితం 81-65. జట్టు మొత్తం 13 మూడు పాయింట్ల షాట్లు వేస్తే అందులో ఆరు అగ్‌బాజీవి. రింగు కింద డేవిడ్ మెక్‌కార్మాక్ 25 పాయింట్లు చేశాడు. విలనోవా తరఫున జస్టిన్ మూర్ గాయంతో ఆడలేకపోయాడన్నది కూడా మరచిపోకూడదు. రెండో ఆటలో నార్త్ కరోలినా 81-77తో డ్యూక్‌ను ఓడించింది. దానితో డ్యూక్ కోచ్ మైక్ షషెఫ్‌స్కీ శిక్షణ జీవితం ముగిసింది. గదిలోని పిల్లలంతా డ్యూక్ ఓటమికి కేకలు వేస్తుంటే నేను ఆ పెద్దమనిషి మైదానం దాటి వెళ్లిన తీరునే చూస్తూ ఉండిపోయాను.

ఏప్రిల్ 3, ఆదివారం

రాత్రే ఓవర్‌ల్యాండ్ పార్కుకు తిరిగి వచ్చాం. ఈ రోజు ఆట లేదు. మధ్యాహ్నం అల్లుడుగారు పనిమీద ఒలేత్ వెళ్తూ నన్ను కూడా తీసుకువెళ్లారు. దారిలో ఒక కూడలి దగ్గర బండి నెమ్మదింపజేసి, శ్రీనివాస్ కూచిభొట్ల మరణించింది ఇక్కడేనని చెప్పారు.

2017 ఫిబ్రవరి 22న జరిగిన ఆ ఘోరం తెలుగువారిలో తెలియనివారు ఉండరు. ఆఫీసు ముగించుకుని స్నేహితుడితో కలిసి ఒక బారులో కూర్చున్న ఆ ఇంజినీరును, ఈ దేశం విడిచి పొమ్మని అరిచిన ఒక మనిషి కాల్చి చంపాడు. శ్రీనివాస్ వయసు 32 ఏళ్లు. స్నేహితుడు గాయపడ్డాడు, అడ్డుకోబోయిన స్థానిక యువకుడొకడు కూడా తూటా తిన్నాడు. నాకు ఇంతకాలం తెలియని సంగతి ఒకటి అల్లుడుగారు చెప్పారు. ఆ సాయంత్రం ఆ బారులోని టీవీల్లో నడుస్తున్నది కాన్సస్, టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం) జట్ల మధ్య బాస్కెట్‌బాల్ ఆట. అక్కడ చేరిన జనంలో చాలామంది దానికోసమే వచ్చారు. అదే సీజనులో, ఆ సాయంత్రానికి 9 రోజుల ముందే, అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో ప్రేక్షకుల హోరు 130.4 డెసిబెల్స్‌గా ప్రపంచ రికార్డుల్లో నమోదైంది.

నేను బండి దిగలేదు. దిగి చేయగలిగినదీ ఏమీ లేదు. ఆ తరువాత కొన్ని నెలలపాటు ఇక్కడి మన కుటుంబాలు బయట గుమిగూడి ఆట చూడటం మానేశాయని, పిల్లలు పెద్దవుతూ, బడిలో జేహాక్స్ చొక్కాలు తొడుక్కుంటూ ఉండగా మెల్లగా మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాయని మా అమ్మాయి చెప్పింది. తన కొడుకు మొదటిసారి ఆ వరండాలో రాత్రి పడుకున్నప్పుడు తనకు నిద్ర పట్టలేదని కూడా చెప్పింది. ఆ పులిహోర పొట్లం వెనుక ఇంత ఉందని నాకు శుక్రవారం తెలియదు.

ఏప్రిల్ 4, సోమవారం

ఫైనల్ రాత్రి ఎనిమిది దాటాక. నేను సాయంత్రానికే లారెన్స్ చేరుకుని, ఊరి ప్రధాన వీధి అయిన మసాచుసెట్స్ స్ట్రీట్‌లో కాసేపు నడిచాను. బానిసత్వాన్ని ఈ నేల మీద అడుగుపెట్టనివ్వకూడదన్న పట్టుదలతో 1854లో ఆ రాష్ట్రం నుంచి వచ్చినవారు ఈ ఊరిని కట్టారు, వీధికి తమ రాష్ట్రం పేరు పెట్టుకున్నారు. 1863 ఆగస్టు 21న బానిసత్వం కోరేవారి తరఫున క్వాంట్రిల్ దండు ఈ ఊరి మీద పడి, దాదాపు 150 మంది మగవాళ్లను, పిల్లలను చంపి, ఇళ్లు తగలబెట్టింది. ఆనాటి పోరాటంలోంచి వచ్చిన జేహాకర్ అన్న పేరే ఈ రోజు చొక్కాల మీద ఎర్ర తల, నీలి ఒళ్లు ఉన్న ఊహాపక్షి అయింది.

ప్రత్యర్థి నార్త్ కరోలినా కావడం నాకు మరీ ఆసక్తి కలిగించింది. 1957 ఫైనల్లో ఇదే జట్టు, విల్ట్ ఛాంబర్లేన్ ఉన్న కాన్సస్‌ను మూడు అదనపు సమయాల తరువాత ఒక్క పాయింటుతో, 54-53తో ఓడించింది. ఆ తరువాత ఆ జట్టును దశాబ్దాలపాటు నడిపిన డీన్ స్మిత్, 1952లో విజేతగా నిలిచిన కాన్సస్ జట్టు సభ్యుడు. రాయ్ విలియమ్స్ 15 ఏళ్లు ఇక్కడ, 18 ఏళ్లు అక్కడ కోచ్‌గా పనిచేశాడు. ఒకే గురువు శిష్యుల ఇళ్లు రెండూ.

కాన్సస్ మొదటి 7 పాయింట్లు వరసగా చేసింది. ఆ తరువాత ఆట చేజారిపోయింది. నార్త్ కరోలినా పొడగరులు ఆర్మాండో బేకాట్, బ్రేడీ మానెక్ రీబౌండ్లన్నీ, అంటే రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతులన్నీ, అందుకుంటుంటే మనవాళ్లు (ఈ మాట ఎప్పుడు నా నోటికొచ్చిందో నాకే తెలియదు) తేరుకోలేకపోయారు. విరామానికి 40-25. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఒక కుర్రాడు చొక్కా విప్పి మూల పడేశాడు.

నాకు అప్పుడు జనవరి 22 గుర్తుకు వచ్చింది. అంతకు ముందురోజే కోచ్ బిల్ సెల్ఫ్ తండ్రి మరణించాడు. అయినా సెల్ఫ్ జట్టుతోనే ఉన్నాడు. కాన్సస్ స్టేట్ మీద ఆ ఆటలో విరామానికి 16 పాయింట్లు వెనుకబడిన జట్టు 78-75తో గెలిచింది. ఆ మాట పిల్లలతో అన్నాను. విరామంలో సెల్ఫ్ తన ఆటగాళ్లకు 2008 జట్టును గుర్తు చేశాడని తరువాత చదివాను: ఆ ఏడాది ఫైనల్లో మెంఫిస్ మీద రెండు నిమిషాలు మిగిలి ఉండగా 9 పాయింట్లు వెనుకబడి కూడా గెలిచాం, ఇప్పుడు చేతిలో 20 నిమిషాలున్నాయన్నది దాని సారాంశం.

రెండో సగం గురించి ఒక ఫిజికల్ డైరెక్టరుగా చెప్పవలసింది ఒకటే. వాళ్లు కొత్త ఎత్తుగడలేవీ వేయలేదు, పరుగెత్తారు. రీబౌండ్ దొరికిన ప్రతిసారీ, ప్రత్యర్థి కుదురుకునేలోపు అవతలి రింగు చేరుకున్నారు. మెక్‌లెండన్ ఆట అది. క్రిస్టియన్ బ్రాన్ పక్కల నుంచి దూసుకువచ్చాడు. బెంచీ మీద నుంచి లేచి వచ్చిన రెమీ మార్టిన్ 14 పాయింట్లు చేశాడు. సీజను మధ్యలో మోకాలి నొప్పితో వారాల తరబడి కూర్చోవలసి వచ్చిన ఆటగాడు అతను. స్కోరు సమమైంది, ముందంజ అయింది, మళ్లీ చేజారింది. నార్త్ కరోలినా 69-68తో ముందున్నప్పుడు బంతి మెక్‌కార్మాక్ చేతికి వచ్చింది, 70-69. తరువాతి బంతి మళ్లీ అతనికే ఇచ్చారు; 22 సెకన్లు ఉండగా 72-69.

ఇంకా 4.3 సెకన్లు. బంతి కాన్సస్‌దే, అందుకుని పట్టుకుంటే చాలు, అయిపోతుంది. బంతి అందుకున్న డజువాన్ హారిస్ పాదం పక్క గీత మీద పడింది. బంతి నార్త్ కరోలినాకు వెళ్లింది. నలభై ఏళ్లుగా నేను పిల్లలకు గొంతు అరిగేలా చెప్పిన పాఠం అది: గీత పక్కన ఆగినప్పుడు పాదం ఎక్కడుందో కంటికి కాదు, ఒంటికి తెలియాలి. ఏడాది పొడవునా ఎదుటి జట్టు మంచి ఆటగాళ్లను కాచి, పొందికగా పాస్‌లిచ్చి, పేరు కోరకుండా ఆడిన కుర్రాడికి ఆ అడుగు అప్పుడే పడాలా అని గుండె పట్టుకున్నాను. కేలబ్ లవ్ మూడు పాయింట్ల షాట్ వేశాడు. బంతి రింగులో పడలేదు.

ఫైనల్లో ఇంత వెనుక నుంచి వచ్చి గెలిచిన జట్టు అంతకు ముందు లేదు. మెట్లు దిగి వీధిలోకి వచ్చేసరికి ఊరంతా మసాచుసెట్స్ స్ట్రీట్ వైపు నడుస్తోంది, కొందరు పరుగెత్తుతున్నారు. మావాడు నా చెయ్యి వదలలేదు. ఆ వేలమంది చేతులు పైకెత్తి, గాలికి ఊగే గోధుమ చేనులా అటూ ఇటూ ఊపారు. గెలిచిన ప్రతిసారీ ఇక్కడ చేసే పని ఇది. మా కృష్ణా డెల్టాలో కార్తీకమాసపు వరిచేను కళ్ల ముందు కదిలింది. నేనూ చేతులెత్తి ఊపాను.

ఏప్రిల్ 5, మంగళవారం

పొద్దెక్కాక లేచాను. గొంతు పోయింది. వీధుల్లో పత్రికల కోసం జనం వరసలు కట్టారు.

ఏప్రిల్ 6 నుంచి 9 వరకు

ఓవర్‌ల్యాండ్ పార్కులో ఉన్నాను. బ్రాన్ చదివిన ఉన్నత పాఠశాల ఈ ఊరిలోనే ఉంది. అగ్‌బాజీ పక్కనే ఉన్న కాన్సస్ సిటీలో పెరిగినవాడు, తండ్రి నైజీరియా నుంచి వచ్చినవాడు. అంతకు ముందు వేసవిలో వృత్తి ఆటగాడిగా వెళ్లిపోవాలని చూసి, తను ఇంకా నేర్చుకోవలసింది ఉందని తిరిగి వచ్చాడు. ఫైనల్ ఫోర్‌లో, అంటే చివరి నాలుగు జట్ల ఆటల్లో, ఉత్తమ ఆటగాడు అతనే. వీరిద్దరూ, మెక్‌కార్మాక్ కూడా 2020 మార్చి నాటి జట్టులో ఉన్నారు. ఆ జట్టు 28 గెలుపులు, 3 ఓటములతో దేశంలో మొదటి స్థానంలో ఉండగా, కరోనా కారణంగా టోర్నమెంటే రద్దయింది. ఈ సీజనును ఆ ఆగిపోయిన చోటి నుంచి చూడాలి.

తీరిక దొరికింది గనుక సీజను మొత్తాన్ని నోటుపుస్తకంలో రాసుకున్నాను: 34 గెలుపులు, 6 ఓటములు. ఓటముల మీదనే ఎక్కువసేపు కూర్చున్నాను. నవంబరులో ఆర్లాండోలో డేటన్ చేతిలో చివరి క్షణాన ఒక్క పాయింటుతో ఓటమి. జనవరి 29న సొంత మైదానంలో కెంటకీ చేతిలో 80-62. ఆ రాత్రి మావాడు ఫోనులో ఏడ్చాడు. ఫిబ్రవరి చివర బేలర్ చేతిలో, మార్చి 1న టీసీయూ చేతిలో వరస ఓటములు. ఆ తరువాత ఇక ఓడలేదు. షికాగోలో మయామీ మీద విరామానికి 35-29తో వెనుకబడి, రెండో సగంలో 47 పాయింట్లు చేసి, 15 మాత్రమే ఇచ్చారు. న్యూ ఓర్లీన్స్‌లో చూసినది అక్కడే మొదలైంది.

ఈ నోట్సును తిరగరాసే నాటికి మరో సంగతి కూడా జరిగింది. ఆటగాళ్ల చేరికలో నియమాల ఉల్లంఘనల కారణంగా 2017-18 సీజనులోని 15 గెలుపులను 2023 అక్టోబరులో కాన్సస్ లెక్క నుంచి తొలగించారు. ఆ ఏటి ఫైనల్ ఫోర్ గుర్తింపు కూడా పోయింది. 13 నియమాలను అద్దంలో పెట్టి కాపాడుకుంటున్న ఊరికి ఇది తగని పని, దాచవలసిన విషయం కూడా కాదు.

ఏప్రిల్ 10, ఆదివారం

విజయోత్సవపు ఊరేగింపు మధ్యాహ్నం రెండింటికి. ఈసారి మా అమ్మాయి, అల్లుడుగారు కూడా వచ్చారు. గాలి బలంగా వీస్తోంది. మసాచుసెట్స్ స్ట్రీట్ రెండు పక్కలా జనం ఎంత దట్టంగా నిలబడ్డారంటే, మేము ఒక దుకాణం గుమ్మం మెట్టెక్కి చూడవలసి వచ్చింది. మా పక్కన తొంభై దగ్గర పడిన ఒక పెద్దావిడ చక్రాల కుర్చీలో ఉంది; 1952 జట్టు తిరిగివచ్చినప్పుడు కూడా తను ఈ వీధిలోనే నిలబడిందట. మా అమ్మాయి ఆమెకు ఎండ తగలకుండా గొడుగు పట్టింది. గాలికి గొడుగు మడత పడితే ఇద్దరూ కలిసి సరిచేసుకున్నారు.

బ్యాండు ముందు వచ్చింది. సెల్ఫ్ వచ్చాడు, అగ్‌బాజీ వచ్చాడు, మెక్‌కార్మాక్ వచ్చాడు; ఒక్కొక్కరికీ ఒక్కొక్క కెరటంలా కేకలు. హారిస్ మా ముందుకు వచ్చినప్పుడు, ఆరు రోజుల కిందట గీత మీద పడిన పాదం గుర్తుకు వచ్చి, జనం అతన్ని ఎలా పలకరిస్తారోనని చూశాను. మావాడు మెట్టు మీద నుంచి వీధిలోకి దూకి, రెండు చేతులూ ఎత్తి, ఆ పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. వాడి వెంట పక్కవాళ్లు, వాళ్ల వెంట ఎదురు వరసలోవాళ్లు. మా అమ్మాయి గొడుగు పెద్దావిడ చేతికిచ్చి తనూ పిలిచింది.